మూడో రిచర్డ్ వేషం కట్టేవారికి ఒక ప్రేక్షకుడి బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లో మూడో రిచర్డ్ రాజు వేషం కడుతున్న కళాకారులకు, ఆ ప్రదర్శనలు నడుపుతున్న లివింగ్ హిస్టరీ (పాతకాలం వేషాల్లో చరిత్రను ఆడి చూపించే) బృందాలకు, బాస్వర్త్, లెస్టర్, యార్క్, మిడిల్‌హామ్‌లలో వాటికి చోటిస్తున్న నిర్వాహకులకు,

నమస్కారం.

నేను లెస్టర్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఎండాకాలం వచ్చిందంటే పిల్లల్ని వెంటబెట్టుకుని మీ గుడారాల దగ్గరికి వచ్చేస్తాం. మీరు చేస్తున్న పని మీద నాకు చాలా గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఒక విషయం గట్టిగా అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. ఇక్కడ పెరుగుతున్న మా పిల్లల్లో చాలామందికి ఈ రాజు మొదట పరిచయమయ్యేది మీ ప్రదర్శనల్లోనే. వాళ్ల అమ్మానాన్నలకు కూడా ఆయన ఎవరో, ఆయన చుట్టూ ఉన్న గొడవేంటో తెలియాలి.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1483 ఏప్రిల్ 9న ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ చనిపోయాడు. పెద్దకొడుకు ఐదో ఎడ్వర్డ్‌కి 12 ఏళ్లు, చిన్నవాడికి 9. పిల్లవాడు పెద్దయ్యేదాకా రాజ్యాన్ని కాపాడాల్సినవాడు బాబాయి రిచర్డ్. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 26న, ఆ బాబాయే రాజయ్యాడు. అన్నగారు అంతకుముందే ఎలియనార్ బట్లర్ అనే ఆమెకు పెళ్లి మాట ఇచ్చి ఉన్నాడని, అందుకని తర్వాత ఎలిజబెత్ వుడ్‌విల్‌ని చేసుకున్న పెళ్లి చెల్లదని, ఆ పిల్లలకు వారసత్వం లేదని కారణం చూపించారు. పిల్లలిద్దరూ లండన్ టవర్‌లో ఉండేవారు. ఆ వేసవి దాటాక వాళ్లు కనిపించినట్టు ఖాయమైన ఆధారం లేదు. రెండేళ్లకు, 1485 ఆగస్టు 22న, బాస్వర్త్ దగ్గర హెన్రీ ట్యూడర్ సేనతో పోరాడుతూ రిచర్డ్ నేలకూలాడు. అప్పటికి ఆయన వయసు 32. గెలిచినవాడు ఏడో హెన్రీ అయ్యాడు. ఆ వంశం ఏలుబడిలోనే రిచర్డ్ గూని రాక్షసుడిగా స్థిరపడిపోయాడు.

ఆ రాక్షసుడికి చివరి మెరుగులు దిద్దింది నాటకం. 1592-93 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన పాత్ర ఎంత బలంగా నిలబడిపోయిందంటే, నాలుగు వందల ఏళ్లుగా చరిత్రకారులు చెప్పిన ఏ మాటా దాని పక్కన ఆనలేదు. లెక్కలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. షేక్‌స్పియర్ హెన్రీ నాటకాల్లో సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో సోమర్‌సెట్ ప్రభువుని చంపేది రిచర్డే. ఆ యుద్ధం జరిగింది 1455 మేలో. రిచర్డ్ పుట్టింది 1452 అక్టోబరులో. అంటే నిండా మూడేళ్లు లేని పసివాడు! 1482లోనే ఫ్రాన్స్‌లో కన్నుమూసిన ఆరో హెన్రీ భార్య మార్గరెట్ రాణి, 1483 నాటి కొలువులోకి వచ్చి అందరికీ శాపాలు పెడుతుంది. సోదరుడు క్లారెన్స్‌ని 1478లో పార్లమెంటు చేత దోషి అనిపించి మరీ చంపించింది నాలుగో ఎడ్వర్డ్ రాజు. నాటకంలో ఆ చావు వెనక ఉన్న కుట్ర మొత్తం రిచర్డ్ ఖాతాలో పడింది.

ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. మీరు కత్తీ కవచం పట్టుకుని పొలాల్లో నిలబడుతున్నది కూడా ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే. స్టేజి మీద పోయిన పరువు స్టేజి మీదే తిరిగి రావాలన్న మీ పట్టుదల నాకు నచ్చింది. అయితే నా భయం కూడా అక్కడే ఉంది.

ఆ నాటకంలో రిచర్డ్ అంత గొప్పగా పండడానికి కారణం అతను చేసే హత్యలు అనుకోను. తెర లేచీ లేవగానే ఒంటరిగా ముందుకొచ్చి నేరుగా మనతో మాట్లాడతాడు. తన మనసులో మాట మనకే చెబుతాడు. మిగతా పాత్రలకు తెలియనివన్నీ మనకు తెలుస్తాయి. కాసేపటికి మనం అతని మనుషులమైపోతాం. ఇప్పుడు మీ గుడారం ముందు జరిగేదేమిటి? రాజు వేషంలో ఉన్న మనిషి నేరుగా జనంతో మాట్లాడతాడు, కళ్లలోకి చూస్తాడు, తన గోడు వెళ్లబోసుకుంటాడు. పనిముట్టు అదే. అప్పుడు అది విలన్‌ని తయారుచేసింది, ఇప్పుడు దేవుణ్ని తయారుచేస్తోంది. రెండుసార్లూ జనాన్ని గెలిచింది నటుడి మాటకారితనమే తప్ప సాక్ష్యం గెలవలేదు.

దీని శక్తి ఎలాంటిదో మా తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్లలో స్కూల్ వార్షికోత్సవం అంటే దుర్యోధనుడి ఏకపాత్రాభినయం ఉండాల్సిందే. గద భుజాన వేసుకుని ఒక కుర్రాడు మయసభలో తనకు జరిగిన అవమానం చెప్పుకుంటుంటే, ఆ పది నిమిషాలూ న్యాయం దుర్యోధనుడి పక్షానే ఉన్నట్టు అనిపిస్తుంది. చప్పట్లు మోగిపోతాయి. కానీ దుర్యోధనుడు పురాణ పాత్ర, కథ మొత్తం చూసేవాళ్లకు ముందే తెలుసు. కాసేపు అతని వైపు మొగ్గినా ఎవరికీ నష్టం లేదు. రిచర్డ్ ఎముకలు మా ఇంటి నుంచి బస్సులో వెళ్లేంత దూరంలో లెస్టర్ కెథీడ్రల్‌లో ఉన్నాయి. ఆయన సంతకాలున్న కాగితాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఆయన సంరక్షణలో ఉండగా మాయమైన ఇద్దరు పిల్లలు కూడా రక్తమాంసాలున్నవాళ్లే.

ఒక వేసవి పండుగలో జరిగింది చెబుతాను. ఏ బృందమో, ఏ ఊరో చెప్పను. రాజుగారు బల్ల మీద కూర్చున్నారు. పక్కనే ఉక్కు చేతొడుగులు, మెడలో రిచర్డ్ చిహ్నమైన తెల్ల పంది గుర్తున్న పతకం. ముందు వరసలో ఉన్న ఎనిమిదేళ్ల పాప చెయ్యెత్తి, "మీ అన్నయ్య పిల్లల్ని మీరే చంపారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆయన లేచొచ్చి మోకాలి మీద కూర్చుని, పాప ముఖంలోకి చూస్తూ, ఆ పిల్లలంటే తనకు ప్రాణమని, అసలు లాభపడిందెవరో ఆలోచించమని, హెన్రీ ట్యూడర్ తల్లిని అడిగితే తెలుస్తుందని చెప్పారు. గొంతులో చిన్న వణుకు. ఎంత బాగా చేశారంటే నాకే కళ్లు చెమర్చాయి. చప్పట్లు పడ్డాయి. పాప తృప్తిగా కూర్చుంది. వెనకాల ఒక పెద్దాయన, "చూశావా, అదంతా ట్యూడర్ల అబద్ధం" అని మనవడికి చెబుతున్నారు.

ఒక పాప అడిగిన సూటి ప్రశ్నకు, ఇంకొక స్త్రీ మీద ఏ రుజువూ లేకుండా హత్యానేరం మోపి సమాధానం చెప్పాం. రిచర్డ్‌కి ఇన్ని వందల ఏళ్లు జరిగింది ఇదే కదా? హెన్రీ ట్యూడర్ తల్లి మార్గరెట్ బోఫోర్ట్ ఆ పిల్లల్ని చంపించిందనడానికి ఆ కాలపు సాక్ష్యం ఒక్కటీ లేదు. ఒకరి మీద మచ్చ తుడవడానికి ఆ మసి ఇంకొకరికి పూయడం చరిత్రను సరిదిద్దడం అనిపించుకోదు.

ఆయన పక్షాన చెప్పుకోవడానికి నిజాలే బోలెడు ఉన్నాయి. లేనివి కల్పించాల్సిన పని లేదు. వార్విక్ దగ్గరి మతగురువు జాన్ రౌస్‌నే తీసుకోండి. రిచర్డ్ బతికుండగా ఆయన్ని న్యాయం తెలిసిన మంచి ప్రభువని పొగుడుతూ బొమ్మలతో సహా ఒక వంశచరిత్ర రాశాడు. రాజు మారగానే ఏడో హెన్రీ కోసం ఇంకో చరిత్ర రాస్తూ, రిచర్డ్ రెండేళ్లు తల్లి కడుపులో ఉండి, నోట్లో పళ్లతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడన్నాడు. ఒకే మనిషి, ఒకే కలం. మీలో ఒకరు రౌస్ వేషం కట్టి, మొదటి రాత చదివి, తర్వాత రెండోది చదివితే చాలు. వ్యాఖ్యానం అక్కర్లేదు. పిల్లలకు కూడా అర్థమైపోతుంది. ఇంకో విషయం కూడా మర్చిపోకండి. అదే రౌస్, అదే రెండో పుస్తకంలో, రిచర్డ్ భుజాలు ఎగుడుదిగుడుగా ఉండేవని, చివరిదాకా వీరుడిలా పోరాడి చనిపోయాడని కూడా రాశాడు. భుజాల మాట నిజమే. అమ్ముడుపోయిన సాక్షి నోటి నుంచి కూడా అప్పుడప్పుడూ నిజం వస్తుందని చూపించడానికి ఇంతకన్నా మంచి సన్నివేశం దొరకదు.

భుజాల గురించి అన్నాను కాబట్టి ఒంటి గురించి కూడా చెప్పాలి. 2012 ఆగస్టులో ఇక్కడి కార్ పార్కింగ్ కింద, పాత గ్రేఫ్రయర్స్ మఠం ఉన్న చోట, ఎముకలు బయటపడ్డాయి. తల్లి వైపు డీఎన్ఏ, ఇప్పుడు బతికున్న బంధువుల డీఎన్ఏతో సరిపోయింది. 2013 ఫిబ్రవరి 4న అవి రిచర్డ్‌వేనని ప్రకటించారు. గుంత పొట్టిగా తవ్వడంతో తల ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. వెన్నెముక పాములా పక్కకు తిరిగి ఉంది. అది స్కోలియోసిస్. గూని కాదు. నాటకంలో చూపించే ఎండిపోయిన చెయ్యి అసలే లేదు. మంచి కుట్టు బట్టలు, సరిగ్గా కొలతలు తీసిన కవచం వేసుకుంటే పైకి పెద్దగా తెలిసేది కాదని పరిశీలించినవాళ్లు చెప్పారు. చనిపోయే సమయంలో పడిన గాయాలు 11 ఉన్నాయి, వాటిలో 9 తల మీదే. తుంటి దగ్గర పడిన గాయం ఒంటి మీద కవచం ఉండగా పడేది కాదు. చనిపోయాక గుర్రం మీద వేసి ఊళ్లోకి తెస్తుంటే ఎవరో అవమానించడానికే పొడిచి ఉంటారని వాళ్ల అంచనా.

ఇక్కడ మీలాంటివాళ్లు చేసిన మేలు నేను ఎన్నటికీ మరువను. యుద్ధాలు మళ్లీ ఆడి చూపించే అభిరుచి ఉన్న ఒక యువకుడికి దాదాపు రిచర్డ్‌కున్నంత వంకరే వెన్నెముకలో ఉంది. అతని ఒంటికి తగ్గట్టు కవచం చేయించి, గుర్రం ఎక్కించి, బల్లెం పట్టించి, టీవీ డాక్యుమెంటరీ కోసం పరీక్షించారు. నేల మీద పరుగెత్తితే ఆయాసం త్వరగా వచ్చింది. మధ్యయుగపు ఎత్తైన జీను మీద కూర్చున్నప్పుడు మాత్రం వీపుకు ఆసరా దొరికి స్థిరంగా స్వారీ చేయగలిగాడు. అంత వంకర వెన్నుతో హెన్రీ జెండా దాకా దూసుకెళ్లి, జెండా మోసే విలియం బ్రాండన్‌ని పడగొట్టడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఏ పుస్తకమూ ఇవ్వలేని జవాబు అది. ఒక మనిషి ఒళ్లు ఇచ్చిన సాక్ష్యం. లైవ్ ప్రదర్శన చేయగలిగిన అసలు పని ఇదేనని నా నమ్మకం. అందుకే, ఇన్ని తెలిశాక కూడా నవ్వించడానికి వీపు మీద దిండు కట్టుకుని వచ్చే రిచర్డ్‌లు కనిపిస్తే నాకు బాధేస్తుంది. స్కోలియోసిస్ ఉన్న పిల్లలు మీ ప్రేక్షకుల్లో ఉంటారు. 2022లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఈ పాత్రను వైకల్యం ఉన్న నటుడు ఆర్థర్ హ్యూస్ చేత వేయించింది. పెద్ద థియేటర్ మారింది కదా, చిన్న గుడారం మారడానికి ఏం అడ్డం?

ఇక పాలన సంగతి. 1484 జనవరిలో కూర్చున్న ఆయన ఒకే ఒక్క పార్లమెంటు గురించి మీరు గర్వంగా చెబుతారు, చెప్పాల్సిందే. అనుమానం మీద పట్టుకున్నవాడికి బెయిల్ ఇచ్చే అధికారం స్థానిక న్యాయాధికారులకు వచ్చింది. నేరం రుజువు కాకముందే ఆస్తి లాక్కోవడం కుదరదన్నారు. కానుకల పేరుతో రాజు చేసే బలవంతపు వసూళ్లు రద్దయ్యాయి. విదేశీ వ్యాపారుల మీద ఆంక్షలు పెట్టిన చట్టంలోనే పుస్తకాలు అచ్చువేసేవాళ్లకు, తెచ్చి అమ్మేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. అప్పటికి ఇంగ్లండ్‌లోకి అచ్చుయంత్రం వచ్చి పదేళ్లు కూడా కాలేదు. పేదల అర్జీలు చూడడానికి ప్రత్యేకంగా ఒక గుమాస్తాని పెట్టారు.

కానీ ఆ సన్నివేశం అంతటితో ఆపకండి. విచారణ లేకుండా ఎవరికీ అన్యాయం జరగకూడదన్నట్టు చట్టం చేసిన అదే మనిషి, ఏడు నెలల ముందు, 1483 జూన్ 13న, హేస్టింగ్స్ ప్రభువుని లండన్ టవర్‌లో ఏ విచారణా లేకుండా తల తీయించాడు. అన్నకు నమ్మినబంటు హేస్టింగ్స్. అదే నెల 25న పాంటిఫ్రాక్ట్‌లో ఐదో ఎడ్వర్డ్ మేనమామ రివర్స్ ప్రభువు తల కూడా పోయింది. బలవంతపు వసూళ్లు రద్దు చేసిన రాజే, 1485లో హెన్రీ వస్తున్నాడన్న టెన్షన్‌లో ధనవంతుల దగ్గర అప్పుల పేరుతో డబ్బు లాగాల్సి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీ రాజు చిన్నవాడైపోడు. అప్పుడే మనిషవుతాడు. తాను చేసిన పనికి భయపడి మంచి చట్టం చేశాడా, సహజంగానే న్యాయబుద్ధి ఉండి ఆ ఒక్క నెల దారి తప్పాడా, జనం మద్దతు కూడగట్టుకోవడానికి చేశాడా? నా మటుకు నాకు మూడూ కొంతకొంత నిజమనిపిస్తుంది. ప్రేక్షకులకు ఏమనిపిస్తుందో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

యార్క్ మాటకొస్తే, అక్కడ చూపించాల్సింది రాజును కాదు, ఆ ఊరి పెద్దలను. రిచర్డ్ రాజు కాకముందు డ్యూక్‌గా ఉన్నప్పుడు, నదుల్లో పడవలకు అడ్డంగా, చేపలన్నీ కొందరే పట్టుకునేలా కట్టిన దడుల గురించి ఆ నగరం మొరపెట్టుకుంటే వాటి మీద చర్య తీసుకోవడానికి నిలబడ్డాడు. చిన్న విషయంలా ఉంటుంది. కానీ నదిని నమ్ముకుని బతికేవాళ్లకు అదే అసలైన పాలన. ఆయన చనిపోయిన మర్నాడు, 1485 ఆగస్టు 23న, యార్క్ నగర సభ తన పుస్తకంలో, తమను దయగా ఏలిన రిచర్డ్ రాజు ద్రోహం వల్ల ఘోరంగా హతమయ్యాడని, నగరానికి అది పెద్ద దుఃఖమని రాయించింది. గెలిచిన కొత్త రాజు సైన్యంతో సహా దేశంలోనే ఉన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ గుమాస్తా కలం సిరాలో ముంచి, రాయాలా వద్దా అని పెద్దల ముఖాల్లోకి చూసే క్షణాన్ని ఎవరైనా వేస్తారా అని నేను ఎదురుచూస్తున్నాను. 2024లో యార్క్ థియేటర్ రాయల్‌లో రిచర్డ్ గొంతును, ముఖాన్ని పునర్నిర్మించి వినిపించినప్పుడు చాలామంది సంబరపడ్డారు, నేనూ పడ్డాను. రాజు గొంతు ఎలా ఉండేదో తెలిస్తే బాగానే ఉంటుంది. ఆ ఊరి జనం గొంతు కూడా వినిపిస్తే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. పిల్లలు.

వాళ్లు ఎలా చనిపోయారో, ఎప్పుడు చనిపోయారో ఖాయంగా చెప్పగల కాగితం లేదు. 1483 జూలై దాకా లండన్‌లో ఉన్న ఇటలీ మనిషి డొమినిక్ మాన్సీనీ, పెద్దపిల్లవాడి పేరెత్తితే కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశానని రాశాడు. చంపేశారేమో అన్న అనుమానం అప్పటికే ఉందని, ఏం జరిగిందో మాత్రం తనకు తెలియలేదని కూడా అతనే రాశాడు. 1484 జనవరిలో ఫ్రాన్స్ చాన్సలర్ నిండు సభలోనే రిచర్డ్ మీద ఈ నింద వేశాడు. పిల్లలు బతికుంటే వాళ్లను ఒక్కసారి జనానికి చూపిస్తే నోళ్లన్నీ మూతపడేవి. రిచర్డ్ చూపించలేదు. ఆయన పక్షాన వాదించేవాళ్లు దాటలేని బండరాయి ఇదేనని నా అభిప్రాయం. మరోవైపు, ఏడో హెన్రీ గద్దెనెక్కాక కూడా పిల్లల శవాలు చూపించలేకపోయాడు. ఆ పిల్లల్లో చిన్నవాణ్ని తానేనంటూ వచ్చిన పెర్కిన్ వార్‌బెక్ ఏళ్ల తరబడి అతనికి నిద్ర లేకుండా చేశాడు. 1674లో టవర్ మెట్ల కింద దొరికిన ఎముకలు వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో ఒక రాతి పాత్రలో ఉన్నాయి, వాటికి డీఎన్ఏ పరీక్ష ఇంతవరకు జరగలేదు. కొత్త కాగితాలు రెండు వైపులా వస్తూనే ఉన్నాయి. పిల్లలు బతికి బయటపడ్డారనడానికి ఆధారాలివిగో అని 2023లో యూరప్ దస్త్రాలు ముందుకు తెచ్చారు. వాటిని ఒప్పుకోని చరిత్రకారులు చాలామందే ఉన్నారు. 2024లో, హంతకుడని చెప్పే జేమ్స్ టిరెల్ బంధువు ఒకావిడ 1516 నాటి వీలునామాలో ఐదో ఎడ్వర్డ్ గొలుసు ప్రస్తావన బయటపడింది.

ఇంత అనిశ్చితిని గుడారం ముందు ఎలా చూపించాలని అడుగుతారేమో. ఒక్క కాగితంతో చూపించవచ్చు. దానికోసమే ఇంతదూరం వచ్చాను.

1484 మార్చి 1. వితంతువైన రాణి ఎలిజబెత్ వుడ్‌విల్ నెలల తరబడి కూతుళ్లతో వెస్ట్‌మిన్‌స్టర్ మఠంలో శరణు తీసుకుని ఉంది. బయటికి రమ్మని రిచర్డ్ అడుగుతున్నాడు. ప్రభువులు, బిషప్పులు, లండన్ మేయర్, నగర పెద్దల సమక్షంలో ఆయన ఒక ప్రమాణం చేశాడు. ఆడపిల్లలు బయటికొస్తే వాళ్ల ప్రాణాలకు హాని జరగనివ్వనని, మానానికి భంగం రానివ్వనని, మంచి కుటుంబాల్లో ఇచ్చి పెళ్లిళ్లు చేస్తానని, తల్లికి ఏటా 700 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) ఇస్తానని. అందులోనే ఇంకో మాట ఉంది. వాళ్లను లండన్ టవర్‌లో గానీ, మరే చెరసాలలో గానీ పెట్టనని.

ఆ "టవర్‌లో" అన్న మాట దగ్గర ఆగండి. ఆ మాట రాయించింది ఎవరు? ఒక తల్లి. కొడుకులిద్దరూ వెళ్లిన చోటికి కూతుళ్లను పంపనని, అదీ ఊరి పెద్దలందరి ముందూ, ఒట్టు పెట్టించుకుంటే గానీ గడప దాటనంది. అంటే కొడుకుల విషయంలో ఆమె మనసులో ఏముందో దాదాపు చెప్పేసినట్టే కదా. మరి అలాంటి తల్లి బయటికి ఎందుకొచ్చింది? కొడుకుల్ని చంపినవాడి చేతిలో కూతుళ్లను పెడుతుందా? ఇంకో దారి లేక వచ్చిందా, మఠాన్ని చుట్టుముట్టిన కాపలా చూసి విసిగిపోయిందా, లేక అసలు ఏం జరిగిందో మనకు తెలియనిది ఆమెకేమైనా తెలుసా? అదే కాగితాన్ని ఆయన మంచివాడనేవాళ్లూ చూపిస్తారు, హంతకుడనేవాళ్లూ చూపిస్తారు. రెండు వైపులవాళ్లూ తప్పు చదవడం లేదు.

ఈ దృశ్యం వేయండి. ఖర్చేమీ లేదు. ఒక రాజు, ఒక తల్లి, ఆమె వెనక ఐదుగురు ఆడపిల్లలు, కాగితం చదివే ఒక గుమాస్తా. పక్కన ఒక చెక్క మీద పెద్ద అక్షరాలతో "ఈ రోజు 1484 మార్చి 1" అని రాసి పెట్టండి. ఆ రోజుకు లోకానికి తెలిసినంతవరకే పాత్రలు మాట్లాడాలి. పాప లేచి "మీరే చంపారా?" అని అడిగితే, రాజు ఆమెకు జవాబు చెప్పకుండా ఆ కాగితం ఆమె చేతికివ్వాలి. చదవమనాలి. టవర్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఎలిజబెత్ వేషంలో ఉన్నావిడ ఆ పాప వైపు చూడాలి, అంతే. ఎనిమిదేళ్ల పిల్లకు అర్థం కాదనుకోకండి. పెద్దవాళ్లకంటే ముందు వాళ్లకే అర్థమవుతుంది.

ఆ తర్వాత కిరీటం తీసి పక్కన పెట్టండి. వేషం లేకుండా, మీ మామూలు గొంతుతో, ఇప్పుడు చెప్పినదాంట్లో కాగితం మీద ఉన్నదేది, మీ ఊహ ఏది అని కాసేపు చెప్పండి. ఈ భాగం దాదాపు ఎవరూ చేయడం లేదు. 1984లో బ్రిటిష్ టీవీలో రిచర్డ్ మీద విచారణ నడిపినప్పుడు జ్యూరీ ఆయన నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లను చూశాను. రుజువు చాలలేదనే ఆ మాటకు అర్థం. ఆయన చేయలేదని రుజువైనట్టు కాదు. ఈ తేడా జనానికి చెప్పగలిగేది, వేషం తీసేసి నిలబడిన మీరు మాత్రమే.

బాస్వర్త్ నిర్వాహకులకు విడిగా ఒక మాట. యుద్ధం ఆడి చూపించేది యాంబియన్ కొండ మీద. ఫిరంగి గుండ్లు, వెండి పంది పతకం దొరికిన అసలు చోటు అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, ఫెన్ లేన్ వైపు ఉంది. మీ సెంటర్‌లో ఈ విషయం చక్కగా వివరించారు. యుద్ధం మొదలుపెట్టేముందు మైకులో కూడా చెప్పండి. యుద్ధం ఆ కొండ మీదే జరిగిందనుకుని వచ్చినవాళ్లకు, నిపుణులు కూడా చాలాకాలం చోటు పొరబడ్డారని, కొత్త ఆధారం దొరకగానే ఒప్పుకుని మార్చుకున్నారని తెలిస్తే, రాజు గురించి కూడా అలాగే ఆలోచించడం మొదలుపెడతారు.

వచ్చే ఆగస్టులో మేం కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి బాస్వర్త్ వస్తున్నాం. మార్చి 1 ప్రమాణం దృశ్యం ఎవరైనా వేస్తామంటే, గుమాస్తా చదివే పాఠాన్ని ఈనాటి తేలిక ఇంగ్లిష్‌లోకి మార్చి ఇవ్వడానికి, ఇంగ్లిష్ సరిగ్గా రాని మా పెద్దవాళ్ల కోసం తెలుగు కాగితం తయారుచేసి పంచడానికి నేను సిద్ధం. ఐదుగురు ఆడపిల్లల వేషాలకు మనుషులు చాలకపోతే మా పిల్లలున్నారు. జూన్ లోపు ఒక్క మాట చెబితే రిహార్సల్స్‌కి తీసుకొస్తాను.

ఇట్లు,
లెస్టర్ నుంచి ఒక తెలుగు ప్రేక్షకుడు